మదర్ ఆఫ్ రూన్స్: ప్రొటెక్షన్‌ను అర్థం చేయించే కార్డు

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో ప్రొటెక్షన్ (ఫలానా రకం కార్డుల నుంచి రక్షణ) ఎలా పనిచేస్తుందో తెలుసుకోగోరే వారికి నేను మొదట సిఫారసు చేసే కార్డు మదర్ ఆఫ్ రూన్స్. 1999లో అర్జాస్ లెగసీ సెట్‌లో వచ్చిన ఈ క్రీచర్‌ను (మన తరఫున పోరాడే జీవి కార్డును) ఒక్క తెల్ల మనాతో (కార్డులు ఆడేందుకు ఖర్చుపెట్టే వనరుతో) దింపవచ్చు. దీని పవర్ (పోరులో కలిగించే డ్యామేజ్) 1, టఫ్‌నెస్ (చంపడానికి కావలసిన డ్యామేజ్) 1. దీన్ని ట్యాప్ చేస్తే (వాడినట్టు పక్కకు తిప్పితే) మన క్రీచర్లలో ఒకదానికి మనం కోరుకున్న రంగు నుంచి ఆ టర్న్ ముగిసేదాకా ప్రొటెక్షన్ లభిస్తుంది.

ప్రొటెక్షన్ ఉంటే ఇక ఏదీ తాకలేదని కొత్తవారు అనుకుంటారు, కానీ దాని పరిధి చాలా కచ్చితమైనది. ఎరుపు నుంచి ప్రొటెక్షన్ ఉన్న క్రీచర్‌కు ఎర్ర కార్డులు కలిగించే డ్యామేజ్ తగలదు, ఎర్ర ఆరాలు (క్రీచర్‌కు తగిలించే మంత్రాల కార్డులు) గానీ ఎర్ర ఎక్విప్‌మెంట్ (తగిలించే ఆయుధాల కార్డులు) గానీ అంటుకోవు, ఎర్ర క్రీచర్లు దాన్ని బ్లాక్ చేయలేవు, ఎర్ర స్పెల్స్ గానీ ఎర్ర కార్డుల శక్తులు గానీ దాన్ని టార్గెట్ చేయలేవు. అంతకు మించి మరేదీ ఆగదు. రాత్ ఆఫ్ గాడ్ అనే తెల్ల కార్డు దేన్నీ టార్గెట్ చేయకుండా, డ్యామేజ్‌తో పని లేకుండా క్రీచర్లన్నిటినీ నాశనం చేస్తుంది కనుక తెలుపు నుంచి ప్రొటెక్షన్ ఉన్నా ఫలితం ఉండదు. డయబాలిక్ ఈడిక్ట్ అనే నల్ల కార్డు ఒక క్రీచర్‌ను బలి ఇమ్మని టార్గెట్ చేసేది ఆటగాణ్ణే గనుక అదీ అంతే.

ఈ కార్డులో నాకు అన్నిటికంటే నచ్చేది రంగును ఎంచుకునే సమయం. ప్రత్యర్థి మన 2/2 (పవర్ 2, టఫ్‌నెస్ 2) నైట్ క్రీచర్ మీద 3 డ్యామేజ్ కలిగించే ఎర్ర స్పెల్ లైట్నింగ్ బోల్ట్ వేశారనుకుందాం. మనం మదర్‌ను ట్యాప్ చేసినప్పుడు రంగు చెప్పనక్కరలేదు. ఆ శక్తి రిజాల్వ్ అయ్యేటప్పుడు (అమలయ్యేటప్పుడు) చెబితే చాలు. అప్పుడు ఎరుపు అన్నామంటే బోల్ట్‌కు సరైన టార్గెట్ లేకుండా పోయి అది వృథా అవుతుంది. అయితే మన శక్తి ఇంకా స్టాక్ మీద (అమలుకు ఎదురుచూసే వరుసలో) ఉండగానే ప్రత్యర్థి రెండో బోల్ట్ వేస్తే, చివర వచ్చినదే ముందు జరుగుతుంది గనుక నైట్ చనిపోతుంది.

దాడిలోనూ ఇలాగే సమయం చూసుకోవాలి. ప్రత్యర్థి బ్లాకర్లను ప్రకటించక ముందే రంగు ఇస్తే ఆ రంగు క్రీచర్లు మన క్రీచర్‌కు అడ్డురాలేవు. బ్లాక్ చేశాక ఇస్తే డ్యామేజ్ తగలదు గానీ బ్లాక్ మాత్రం అలాగే ఉంటుంది. తెల్ల ఆరా ధరించిన మన క్రీచర్‌కు తెలుపు నుంచి ప్రొటెక్షన్ ఇస్తే ఆ ఆరా ఊడి గ్రేవ్‌యార్డ్‌కు (వాడేసిన కార్డుల కుప్పకు) పోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

లోపాలు లేకపోలేదు. దిగిన టర్న్‌లోనే దీన్ని ట్యాప్ చేయలేము. రంగులేని కార్డుల ముందు ఇది నిస్సహాయురాలు: ఉమెజావాస్ జిట్టే అనే ఆయుధం మన క్రీచర్‌కు −1/−1 ఇస్తున్నా, కరాకస్ అనే ల్యాండ్ కార్డు మన లెజెండరీ క్రీచర్‌ను చేతిలోకి తిప్పి పంపుతున్నా ఆపలేదు. 2019లో మోడర్న్ హొరైజన్స్ సెట్‌లో వచ్చిన గివర్ ఆఫ్ రూన్స్ ఈ లోటును తీర్చింది. పైగా దాని టఫ్‌నెస్ 2. కానీ గివర్ తనను తాను కాపాడుకోలేదు, మదర్ కాపాడుకోగలదు. అందువల్ల లెగసీ ఫార్మాట్‌లో (పాత కార్డులనూ అనుమతించే ఆట పద్ధతిలో) తొలి టర్న్‌లోనే దింపడానికి నేను ఇప్పటికీ మదర్‌నే ఎంచుకుంటాను. మోడర్న్ ఫార్మాట్ ఆడేవారికి మదర్ అనుమతి లేదు కనుక గివర్‌నే తీసుకోవాలి. కమాండర్ ఫార్మాట్‌లో తెల్ల డెక్ ఉన్నవారు రెండిటినీ నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు.