‘కొంచెము’ అంటే ఎంత? మందు పేరుతో ఇంటికి వచ్చిన ఒక రెడ్ వైన్ సీసా

నా కడుపుమంట సంగతి తెలిసిన మా బావగారు హైదరాబాదులోని ఒక వైన్ దుకాణం నుండి రెడ్ వైన్ సీసా తెచ్చి, కడుపు జబ్బు కోసం ద్రాక్షారసము కొంచెముగా పుచ్చుకొమ్మనే బైబిలు వచనాన్ని, అంటే పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదవ అధ్యాయం 23వ వచనాన్ని, మందుచీటీ చదివినట్లు చదివి వినిపించారు. గుండెకు కూడా మంచిదని దుకాణంలోని కుర్రాడు చెప్పాడట. నాసిక్ ద్రాక్షతో చేసిన సరుకు, 750 మిల్లీలీటర్లు, ఆల్కహాలు 12.5 శాతం, ధర వెయ్యి రూపాయలకు కాస్త తక్కువ.

వైన్‌గా చూస్తే వంక పెట్టవలసింది పెద్దగా లేదు. రంగు పండిన నేరేడుది. నాలుకకు ముందు వగరు తగిలి, ఆ తరువాత పులుపు, చివరకు మిరియపు ఘాటు లాంటిది మిగులుతుంది. అయితే బాప్టిస్టు ఇంట పుట్టిన నాకు ప్రభువు బల్ల (చర్చిలో రొట్టె, రసం పంచుకునే ఆచారం) దగ్గర చిన్న గ్లాసులో ఇచ్చే తియ్యని రసమే ఇంతవరకు తెలుసు కాబట్టి, రుచి విషయంలో నా తీర్పును పాఠకులు కొంత తగ్గించి చదువుకోవచ్చు.

మందుగా చూసినప్పుడే చిక్కంతా వచ్చింది. వచనంలో ఉన్నది ‘కొంచెము’ అనే మాట కనుక, అమ్మ దగ్గు సిరప్పు మూతను కడిగి ఇవ్వగా దానితో రోజుకు 30 మిల్లీలీటర్లు కొలుచుకున్నాను. ఆ లెక్కన సీసా 25 రోజులు రావాలి. కానీ మూత తీసిన వైన్ ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగైదు రోజులకు మించి నిలవదు. చెడిపోకముందే ముగించాలంటే రోజుకు పూర్తి గ్లాసు తాగక తప్పదు. అంటే మితంగా తాగాలనుకునేవాడిని ఈ సీసా తన పరిమాణంతోనే తొందరపెడుతుంది. పైగా రెండవ రాత్రికే గుండెల్లో మంట ఎక్కువైంది. ఆల్కహాలు అన్నవాహిక అడుగున ఉండే కవాటాన్ని వదులు చేసి ఆమ్లాన్ని పైకి రానిస్తుందని మా డాక్టరుగారు చెప్పి, మానేయమన్నారు.

తిమోతి పరిస్థితి వేరు. నీళ్లు మాత్రమే తాగడం మానుకొమ్మని ఎఫెసులో ఉన్న అతనికి పౌలు చెప్పిన కాలంలో వైన్‌లో నీళ్లు కలుపుకొని తాగడం ఆ ప్రాంతపు అలవాటు. ఆ సలహా జబ్బుపడిన ఒక మనిషికి ఇచ్చినది. వైన్ ముట్టడమే పాపమనేవారికి అది గట్టి జవాబే, దానిని నేను ఒప్పుకుంటాను. అంతమాత్రాన అది ఆరోగ్యవంతులందరికీ రాసిన చీటీ కాదు. మన తెలుగు బైబిలు ఇక్కడ ‘ద్రాక్షారసము’ అంటుంది, ఎఫెసీయులకు రాసిన పత్రిక 5:18లో ‘మద్యముతో మత్తులై’ ఉండవద్దంటుంది. గ్రీకులో రెండు చోట్లా ‘ఓయినోస్’ అనే ఒకే మాట. మన ఇళ్లలో సగం వాదన ఈ అనువాదంలోనే పుట్టిందని నా అనుమానం.

బావగారు ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్కు శాఖ వారు, వారి పూజలో పులిసిన ద్రాక్ష వైన్ ఉండవలసిందే. మా వైపు పులియని రసం బల్ల మీదికి వచ్చిన కథ 1869 నాటిది: అమెరికాలోని వైన్‌ల్యాండ్ పట్టణంలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు, పాశ్చర్ పద్ధతిలో సీసాలను వేడిచేసి, రసం పులియకుండా నిలపగలిగాడు. రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే క్రైస్తవ శాఖ వారు అసలు మద్యమే ముట్టరు. ఇన్ని తేడాలున్నా, పూజలోని వైన్‌ను గుండెకు మంచిదని ఏ గురువుగారూ ఇవ్వరు.

ఆ గుండె మాట 1991లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమం ఫ్రెంచివారి రెడ్ వైన్ గురించి చెప్పినప్పటి నుండి బాగా పాకింది. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఆల్కహాలును క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో, అంటే రుజువైన వాటిలో, చేర్చింది మాత్రం 1988లోనే. ఎంత తక్కువైనా సురక్షితమనదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. సీసా వెనుక చట్టం ముద్రించమన్న హెచ్చరిక కూడా అదే దారిలో ఉంది; కుర్రాడు మాత్రం సీసాను ముందువైపే చూపించినట్లున్నాడు.

భోజనంతో ఒక గ్లాసు తాగడానికి మనస్సాక్షి అడ్డురానివారు, నలుగురు కలిసినప్పుడు తెరిస్తే ఈ ధరకు ఇది సరిపోతుంది. కడుపు కోసమో గుండె కోసమో అయితే కొనవద్దు. మా ఇంట్లో ఇంకొక కారణం కూడా ఉంది. తాగుడు మాని మూడేళ్లయిన మా సంఘపు సహోదరుడు ఒకాయన ప్రతి శుక్రవారం ప్రార్థనకు వచ్చి, చల్లని నీళ్ల కోసం ఫ్రిజ్ తానే తెరుచుకుంటారు. సహోదరునికి అడ్డమయ్యేదైతే ద్రాక్షారసము తాగకపోవడమే మంచిదనే రోమీయులకు రాసిన పత్రిక 14:21 గుర్తుకు వచ్చి, గురువారం రాత్రే మిగిలినదంతా సింకులో వంపేశాను. అప్పటికే అది సగం వెనిగరు వాసన వేస్తోంది.