పిన్నులు కనిపించే తాళంకప్ప: కొనాలా, ఇంట్లో కోసుకోవాలా?

తాళం లోపల ఏం జరుగుతుందో చూస్తూ నేర్చుకోవాలంటే పక్క చెక్కేసిన తాళంకప్ప ఒకటి చేతిలో ఉండాలి. తాళంచెవి దూరుతుంటే పిన్నులు ఒక్కొక్కటే లేవడం, అన్నీ ఒకే గీత మీదికి వచ్చాకే లోపలి ప్లగ్ (తాళంచెవి దూరే గుండ్రటి ముక్క) తిరగడం, ఇదంతా పుస్తకంలో బొమ్మ చూస్తే సగమే ఎక్కుతుంది. మా మేనల్లుడు ఐటీఐలో ఫిట్టర్ చేస్తున్నాడు. మొన్న వచ్చి, "మామయ్యా, ఆన్‌లైన్‌లో అద్దంలా ఉండే తాళం దొరుకుతోందిగా, అది కొనేస్తే పోలా?" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నా. నేను ఇప్పటికి మూడు తాళాలు కోశాను, రెండు పాడయ్యాయి. అవి ఎందుకు పాడయ్యాయో తెలిస్తే మీ తాళమైనా మిగులుతుంది.

ఆ అద్దంలాంటి ప్లాస్టిక్, అంటే యాక్రిలిక్ తాళం క్లాసులో పదిమందికి చూపించడానికి చాలా బాగుంటుంది, అన్ని వైపుల నుంచీ కనిపిస్తుంది. కానీ నేను పట్టుకు చూసిన దాంట్లో ప్లగ్ వదులుగా ఊగుతోంది, పిన్ను గీత దగ్గరికి వచ్చినప్పుడు వేలికి తెలియాల్సిన ఆ చిన్న 'టిక్' తెలియలేదు. పైగా స్పిరిట్‌తో తుడిస్తే యాక్రిలిక్ మీద సన్నటి పగుళ్ళు వస్తాయి. చూడటానికి అది చాలు, చేతికి అలవాటు కావాలంటే మాత్రం ఇత్తడి తాళమే.

ఇక ఏ తాళం కోయాలి? మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి లీవర్ తాళం, లోపల రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, ప్రతి రేకూ సరైన ఎత్తుకి లేస్తేనే తెరుచుకుంటుంది. రెండోది పిన్ను తాళం, 1861లో లైనస్ యేల్ జూనియర్ అమెరికాలో పేటెంట్ తీసుకున్న పద్ధతి, ఇప్పటికీ అదే నడుస్తోంది. నేర్చుకోవడానికి రెండోదే మేలని నా అభిప్రాయం. హైదరాబాద్‌లో అయితే రాణీగంజ్‌లోనో ట్రూప్ బజార్‌లోనో 40 మిల్లీమీటర్ల సాదా ఇత్తడి తాళం తీసుకోండి, బాడీ మొత్తం ఒకే దిమ్మ అయి ఉండాలి. ఇత్తడి మెత్తన, ఆకురాయికి హాయిగా లొంగుతుంది. పైన వంపు తిరిగిన కడ్డీ జోలికి మాత్రం పోవద్దు, గట్టిపరిచిన స్టీలైతే ఆకురాయి పళ్ళే పోతాయి.

అసలు ప్రశ్న ఆకురాయా, మినీ గ్రైండరా అన్నది. మొదటి తాళాన్ని గ్రైండర్‌తోనే మొదలుపెట్టాను, పావుగంటలో అయిపోతుందనుకున్నా. ఇత్తడి రాతిచక్రంలో ఇరుక్కుని చక్రం నున్నబడింది, ఇంకాస్త నొక్కాను, రెండు సెకన్లలో కోత ఆగాల్సిన గీత దాటిపోయింది, పిన్నులూ స్ప్రింగులూ ఎగిరి మంచం కింద పడ్డాయి.

లెక్క చూడండి. తాళం మందం 14 మిల్లీమీటర్లు అనుకుందాం, పిన్నుల వరస సరిగ్గా మధ్యలో, అంటే 7 దగ్గర ఉంటుంది. పిన్ను రంధ్రం సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పు, కాబట్టి 5.5 లోతుకి వెళ్ళగానే రంధ్రం అంచు వెంట్రుకలా కనబడుతుంది. పిన్నులు కనబడేలా అక్కడ తెరుచుకునే సందు, అంటే కిటికీ, పిన్ను కంటే సన్నగా, 2 మిల్లీమీటర్లే ఉండాలి, లేకపోతే పిన్ను ఊడి వచ్చేస్తుంది. అందుకు ఇంకా అరగాల్సింది 0.4 మిల్లీమీటరే! ఆ 0.4లోనే పనంతా ఉంది, గ్రైండర్‌కి అది కనురెప్పపాటు. ఆకురాయితో అయితే పది దెబ్బలు వేసి, రజను ఊదేసి, వెర్నియర్ (సన్నటి కొలతలు చూసే స్కేలు) పెట్టి చూసుకోవచ్చు. మొదట గరుకు ఆకురాయి, వెంట్రుక గీత కనబడగానే నున్నటిది, చివర్లో 400 నంబరు ఎమరీ పేపరు. రెండు సాయంత్రాలు పడుతుంది, భుజం లాగుతుంది, అయినా నేను ఆకురాయే అంటాను.

బాలానగర్ వైపు మిల్లింగ్ మెషీన్ (లోహాన్ని కొలత ప్రకారం చెక్కేది) ఉన్న షాపు తెలిసుంటే వాటన్నిటికంటే నీటుగా వస్తుంది. ఒక్క పీసు కోసం మెషీన్ సెట్ చేయమంటే ఒప్పుకోవాలి, అదొక్కటే ఇబ్బంది. ఒప్పుకుంటే లోతు కాగితం మీద రాసివ్వండి, నోటితో చెప్పి వదిలేయకండి.

రెండో తాళం చక్కగా అరగదీశాను, గీత కూడా దాటలేదు, కానీ తప్పు వైపు అరగదీశాను. ఇలా కోసినప్పుడు లోపలి ప్లగ్ కూడా ఓ పక్క చదునైపోతుంది. ప్లగ్ తిరిగినప్పుడు ఆ చదును పై పిన్నుల (ప్రతి రంధ్రంలోనూ కింద ఒకటి, దాని మీద ఒకటి పిన్ను ఉంటాయి) కిందికి వచ్చిందంటే, అవి అందులోకి దిగిపోయి తాళం బిగుసుకుపోతుంది, తాళంచెవి ముందుకీ రాదు వెనక్కీ పోదు. అందుకే కోసే ముందు తాళంచెవి రంధ్రం మీ వైపు, తాళంచెవి పళ్ళు పైకి ఉండేలా పట్టుకుని, ఎటు తిరుగుతోందో చూడండి. కుడికి తిరిగేదైతే కుడి పక్కే కోయాలి, అప్పుడు చదును కిందికి పోతుంది. ఎడమకి తిరిగేదైతే ఎడమ పక్క. ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే నా రెండో తాళం దక్కేది.

వైస్‌లో బిగించేటప్పుడు రెండు వైపులా చెక్కముక్కలు పెట్టండి, కళ్ళజోడు వేసుకోండి. తాళాల ఇత్తడిలో తరచూ సీసం కలిసి ఉంటుంది, కాబట్టి చేతులు కడుక్కోకుండా టీ గ్లాసు ముట్టుకోవద్దు, రజను పొడి గుడ్డతో కాకుండా తడిగుడ్డతో తుడవండి. పని అయ్యాక ఆ తాళాన్ని ఏ తలుపుకీ వేయకండి.

ఒక్క మధ్యాహ్నమే టైముందంటే మాత్రం ఇత్తడి జోలికి వెళ్ళకుండా పాత లీవర్ తాళం తీసుకోండి. వెనక మూత రివెట్లు డ్రిల్లుతో తీసేసి, ఆ మూత స్థానంలో 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ ముక్క కోసి చిన్న స్క్రూలతో బిగిస్తే చాలు. మా వాడు పోయిన ఆదివారం అదే చేశాడు, సాయంత్రానికల్లా రేకులు లేస్తూ పడుతూ కనబడ్డాయి. ఇత్తడిది వచ్చే నెల మొదలుపెడతానన్నాడు, ఆకురాయి నాదే పట్టుకెళ్ళాడు.