మేరీ డయర్ పుట్టింటి పేరు దొరికింది: అమెరికన్ ఆన్సెస్టర్స్ సభ్యత్వంపై నా అభిప్రాయం

పోయిన వేసవిలో మా అమ్మాయి దగ్గరికి బోస్టన్ వెళ్లినప్పుడు, మసాచుసెట్స్ శాసనసభ భవనం దగ్గర కూర్చున్న ఒక స్త్రీ కంచు విగ్రహం చూశాను. మేరీ డయర్. క్వేకర్ అనే క్రైస్తవ శాఖలో చేరినందుకు వెళ్లగొట్టినా తిరిగి వచ్చిందని 1660 జూన్ 1న ఆమెను ఉరితీశారు. హనుమకొండలో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని. ఈమె ఎవరి బిడ్డ అన్నదే నాకు మొదట వచ్చిన ప్రశ్న.

ఇంటికొచ్చి, నెలనెలా రుసుము తీసుకునే ఒక వెబ్‌సైటులో వెతికాను. క్షణాల్లో వంశవృక్షం వచ్చింది. ఇంగ్లండ్ రాజవంశపు అరబెల్లా స్టూవర్ట్ రహస్యంగా కన్న కూతురట! ఆధారం కోసం చూస్తే ఒక్క కాగితం లేదు. ఎవరో రాసినదాన్ని పదిమంది ఎక్కించుకున్నారు. రెండు నెలల డబ్బు పోయిందన్న బాధ కంటే, ప్రాణమిచ్చిన మనిషికి లేని తల్లిని అంటగట్టారన్న కోపమే ఎక్కువైంది.

అప్పుడు అమ్మాయి అమెరికన్ ఆన్సెస్టర్స్ అనే వెబ్‌సైటులో చేర్పించింది. ఇది 1845లో బోస్టన్‌లో పుట్టిన వంశచరిత్ర సంఘం వారిది. 1847 నుంచి వారి పరిశోధన పత్రిక వస్తోంది. ఉచిత ఖాతాతో కొంత సమాచారమే చూడవచ్చు కాబట్టి సభ్యత్వం తీసుకున్నాను.

ఇందులో నాకు బంగారంలా అనిపించింది 'గ్రేట్ మైగ్రేషన్' పరిశోధన. 1620 నుంచి 1640 వరకు ఇంగ్లండ్ నుంచి అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్‌కు వచ్చినవారి వివరాలు ఇందులో కుటుంబాలవారీగా ఉంటాయి. ఎక్కడి నుంచి వచ్చారు, ఏ పని చేశారు, ఏ ఊరికి మారారు, పిల్లలెవరు అని వరుసగా చెబుతూ, ప్రతి మాటకూ పక్కనే ఆధారం చూపిస్తారు. అయితే మేరీని వెతకాలంటే ఆమె భర్త విలియం డయర్ పేరు కిందికి వెళ్లాలి. అక్కడ నా మనసు చివుక్కుమంది. మన బయ్యారం చెరువు శాసనంలో గణపతిదేవుడి సోదరి మైలమ కాకతీయుల వంశక్రమం మొత్తం రాతి మీద చెక్కించింది. మేరీ పుట్టింటి పేరు మాత్రం నాకు పెళ్లినాటి ఒక్క వాక్యంలో దొరికింది: 1633 అక్టోబరు 27, లండన్‌లోని సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ చర్చి, వధువు మేరీ బారెట్. ఆ పుట్టింటి పేరు కంటపడగానే కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను.

కొత్తగా చేరేవారికి ఒక మాట. 1637/38 అని జంటగా ఉన్న సంవత్సరాలు చూసి తప్పు అచ్చయిందనుకోకండి. 1752 వరకు ఆంగ్లేయులకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే జనవరి నుంచి మార్చి వరకు రెండు అంకెలూ వేస్తారు. ఉగాదికి సంవత్సరం మార్చుకునే మనకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది.

మన కుటుంబాల చరిత్ర కోసమైతే ఈ సభ్యత్వం అవసరం లేదు. న్యూ ఇంగ్లండ్ తొలి కుటుంబాల గురించి చదివేవారికి మాత్రం పెట్టిన ప్రతి రూపాయికీ విలువ ఉంది. నేను మరో ఏడాదికి డబ్బు కట్టాను. నా నోటుపుస్తకంలో మేరీ బారెట్ పేరు రాసి, పైన తల్లికీ తండ్రికీ రెండు గళ్లు గీశాను. అరబెల్లా పేరు కొట్టేశాను, ఆ రెండూ ఖాళీగానే ఉంచాను.