గుంటూరు పక్క ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు చదివాక

బస్సులకి ఫుల్ మార్కులు వేస్తాను. ల్యాబులకి పాస్ మార్కులు, అదీ గ్రేస్ కలిపి. కాలేజీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇందులో సగం సంగతులు చుట్టుపక్కల చాలా కాలేజీలకి సరిపోతాయి.

ఫస్టియర్‌లో ఒకసారి క్యాంటీన్‌లో ఎవరెందుకు చేరారో చెప్పుకున్నాం. పొన్నూరు అమ్మాయి ఇంటి సందు చివరే కాలేజీ బస్సు ఆగుతుందని చేరింది. సత్తెనపల్లి నుంచి వచ్చినవాడి బావ ఇక్కడే చదివాడట. మిగతా అందరి నోటా ఒకటే మాట: పీఆర్వో గారు, అంటే కాలేజీ తరఫున అడ్మిషన్లు పట్టే మనిషి, ఇంటికొచ్చారు. ఫ్యాకల్టీ బాగుంటుందని చేరామన్నవాళ్లు ఒక్కరూ లేరు.

మా ఇంటికీ వచ్చారు. ఇంటర్ పరీక్షలు ఇంకా అవ్వనేలేదు, నాన్న నంబరు ఆయనకి ఎవరిచ్చారో ఇప్పటికీ అంతు పట్టదు. టీ తాగుతూ "అన్నయ్యగారూ, మన అబ్బాయే కదా, నేను చూసుకుంటాను" అన్నారు. సీఎస్‌ఈ సీట్లు అయిపోతున్నాయనీ, అడ్వాన్సుతో పాటు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తే సీటు బ్లాక్ చేస్తామనీ చెప్పారు. అమ్మ బీరువా తాళం తియ్యలేదు, అంతటితో బతికిపోయాం.

అసలు కిటుకు ఇక్కడుంది. కన్వీనర్ కోటా 70 శాతం సీట్లు ఈఏపీసెట్ ర్యాంకు, రిజర్వేషన్, మనం పెట్టుకున్న వెబ్ ఆప్షన్లని బట్టి కౌన్సెలింగ్‌లో వస్తాయి. వాటిని బ్లాక్ చెయ్యడం ఏ కాలేజీ వల్లా కాదు. వాళ్ల చేతిలో ఉండేది మేనేజ్‌మెంట్ కోటా 30 శాతమే, దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కన్వీనర్ కోటాలో పీఆర్వో చెయ్యగలిగిందల్లా వాళ్ల కాలేజీ కోడ్ మనచేత మొదటి ఆప్షన్‌గా పెట్టించడం. అందుకే "ఓటీపీ చెప్పండి, మేమే పెట్టేస్తాం" అంటారు. మా క్లాసులో ఒకడి ఆప్షన్లు అలాగే పెట్టి లాక్ చేసేశారు. వాడి ర్యాంకుకి ఇంతకంటే మంచి కాలేజీ వచ్చేదని తర్వాత ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చూస్తే తెలిసింది.

లోపలికెళ్లాక రెండో వైపు కూడా చూశాను. మాకు సిగ్నల్స్ చెప్పిన సార్ వేసవంతా స్టాఫ్ రూమ్‌లో ఇంటర్ పిల్లల ఫోన్ నంబర్ల షీటు ముందేసుకుని కూర్చునేవారు. లెక్చరర్లకి కూడా అడ్మిషన్ల టార్గెట్. పాఠం చాలా బాగా చెప్పే మనిషి, ఫోన్లో మాత్రం బతిమాలడం చేతకాదు పాపం.

ఇక ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీ. దాని మీద వేసేది ఆఫర్ల లెక్క, పిల్లల లెక్క కాదు. ఒకడికి మూడు కంపెనీల్లో వస్తే మూడు. పెద్ద అక్షరాల్లో ఉండే ప్యాకేజీ ఒక్కడిది, క్లాసులో ఎక్కువమందికి వచ్చింది మాస్ రిక్రూట్‌మెంట్, అంటే గుంపుగా తీసుకునే ఉద్యోగాల, మామూలు జీతం. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకి దరఖాస్తు చేసిన కాలేజీలు మీడియన్ జీతం (వరసలో సరిగ్గా మధ్యవాడి జీతం), ప్లేస్ అయినవాళ్ల సంఖ్య ఇస్తాయి, అవి ఆన్‌లైన్‌లోనే ఉంటాయి. ఫ్లెక్సీ పక్కన పెట్టి అవి చూడండి. అలాగే నాణ్యతకి ఇచ్చే గుర్తింపుల్లో న్యాక్ గ్రేడ్ కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ బ్రాంచి వారీగా. ఎన్‌బీఏ ఉందంటే ఏ బ్రాంచికి అని అడగండి.

ఈసీఈ వరకైతే చేరమనే చెబుతాను, సీనియర్ ఫ్యాకల్టీ ఇంకా ఉన్నారు కాబట్టి. సీఎస్‌ఈలో ఏటా సెక్షన్లు పెంచుతున్నారు, సిస్టమ్‌లు మాత్రం పాతవే. ఆప్షన్లు పెట్టేముందు ఒక వర్కింగ్ డే నాడు వెళ్లి ఫైనలియర్ వాళ్లతో మాట్లాడండి. సర్టిఫికెట్లు అడిగితే జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ వెరిఫై చేసి తిరిగి ఇచ్చెయ్యాలనే ఇంజనీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ నిబంధనలు చెబుతున్నాయి.