సయామీస్ పిల్లి అని 18 వేలు తీసుకున్నాడు, నెలలో కళ్లు పచ్చబడ్డాయి

హైదరాబాద్‌లో సయామీస్ (లేతరంగు ఒళ్లు, నల్ల ముఖం, నీలం కళ్లుండే జాతి) పిల్లికూన కోసం వెతుకుతున్నవాళ్లు డబ్బులు పంపేముందు ఇది చదవండి.

ఏప్రిల్‌లో ఆన్‌లైన్ ప్రకటన చూసి ఫోన్ చేశాను. "ప్యూర్ సయామీస్ సార్, రెండు నెలల పిల్ల, పేపర్లు ఉన్నయి" అన్నాడు. ఇంటికొచ్చి తల్లిని చూస్తానంటే ఇంట్లో పెళ్లి పనులన్నాడు. ఎల్బీనగర్‌లో మెట్రో పిల్లర్ కిందికి అట్టపెట్టెలో తెచ్చిచ్చాడు. తెల్లటి ఒళ్లు, నీలం కళ్లు, చెవుల మీద కాస్త మసి రంగు. పేపర్లు వాట్సాప్‌లో పంపుతాడట. అక్కడే వెనక్కి తిరగాల్సింది. కానీ కూనను చేతిలో పెట్టాక ఎవరు తిరుగుతారు చెప్పండి?

ఇంటికొచ్చి తడిగుడ్డతో తుడిస్తే చెవుల మసి గుడ్డకు అంటింది. ఫోన్ చేస్తే, "ఎండలు సార్, వేడికి రంగు రాదు. ఏసీలో పెట్టండి, నెలలో ముఖం నల్లగైతది" అన్నాడు. నేను పడిపోయింది ఈ మాటకే, ఎందుకంటే ఇందులో సగం నిజముంది. సయామీస్‌లో రంగు తయారుచేసే ఎంజైము ఒంటి వేడికి సరిగ్గా పనిచేయదు. చల్లగా ఉండే చెవులు, మూతి, పాదాలు, తోకలోనే పనిచేస్తుంది. అందుకే కూనలు తెల్లగా పుడతాయి. అయితే కొన్ని వారాల్లోనే ఆ చోట్ల రంగు తేలడం మొదలవుతుంది. అయినా ఆ జాతి పుట్టిన సయాం, అదే ఇప్పటి థాయ్‌లాండ్, ఏమన్నా చలిదేశమా? ఈ ప్రశ్న నాకు తట్టేసరికి కరెంటు బిల్లు వచ్చేసింది. నాన్నకు వేయని ఏసీ పిల్లికి వేశాం. అమ్మ మాత్రం మొదటిరోజే తేల్చేసింది: "ఇది మన గల్లీ పిల్లే కదరా."

నారాయణగూడ పశువుల ఆసుపత్రిలో డాక్టర్ పళ్లు చూసి, ఐదు వారాలు కూడా ఉండవన్నారు. మొదటి టీకా వేసేదే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో. వాడిచ్చిన కార్డులో నెల కిందటే వేసినట్టు రాసుంది! టీకా సీసా స్టిక్కర్ కూడా లేదు.

ఇంత పసికూనను ఎందుకు అమ్మాడో అప్పుడర్థమైంది. ఏ పిల్లికూనకైనా మొదట్లో నీలం కళ్లే. అసలు రంగు ఆరేడు వారాల తర్వాత బయటపడుతుంది. సయామీస్‌కైతే జీవితాంతం నీలమే. మా దానికి మే నెలలో పసుపు తిరిగాయి.

కాబట్టి 12 వారాలు నిండని కూనను తీసుకోకండి. తల్లిని చూపించకపోతే బేరమే వద్దు. నల్ల ముఖం, నీలం కళ్లు హిమాలయన్, రాగ్‌డాల్ అనే వేరే జాతి పిల్లులకూ ఉంటాయి, వాటిని చూసి జాతి తేల్చలేం. తల్లిదండ్రుల పేర్లతో క్యాట్ క్లబ్ (జాతి పిల్లులను నమోదుచేసే సంఘం) ఇచ్చిన వంశపత్రం డబ్బిచ్చేముందే చేతికి రావాలి. షాపులో కొంటే రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ అడగండి.

పిల్లి మాతోనే ఉంది, అమ్మ ఒళ్లోంచి దిగట్లేదు. వాడి ఫోన్ మాత్రం స్విచాఫ్. నిన్న అదే ఫొటోతో కొత్త ప్రకటన కనిపించింది, ఈసారి ధర 22 వేలు.