విలియం కేరీ వృక్షశాస్త్ర జీవితాన్ని చదవడానికి బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ: ఒక సమీక్ష

విలియం కేరీ పేరు తెలుగువారికి రెండు దారుల్లో తెలుసు. క్రైస్తవ కుటుంబాల్లో పెరిగినవారికి ఆయన బెంగాల్‌లోని సేరంపూర్ మిషన్ పెద్ద, బైబిలును అనేక భారతీయ భాషల్లోకి తెచ్చిన మనిషి. భాషాచరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి ఆయన 1814లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాసి అచ్చు వేసిన పండితుడు. ఈ రెండింటి చాటున ఉండిపోయిన మూడో జీవితం ఒకటి ఉంది. అది మొక్కలది. జీవితచరిత్రలు సాధారణంగా దాన్ని ఒకటి రెండు పేరాల్లో ముగించి, మళ్లీ అనువాదాల వైపు మళ్లుతాయి. ఆ మూడో జీవితాన్ని ఇతరుల మాటల్లో కాక ఆయన చేతి మీదుగా వెలువడిన పుస్తకాల్లోనే చదవదలచినవారికి ఇప్పుడు అందుబాటులో ఉన్న సేవల్లో బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అన్నిటికంటే మేలైనదని నా అభిప్రాయం.

ఇది 2006లో మొదలైన అంతర్జాల గ్రంథాలయం. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం, క్యూ ఉద్యానవనం, అమెరికాలోని మిస్సోరీ, న్యూయార్క్ ఉద్యానవనాలు, హార్వర్డ్ వంటి సంస్థల గ్రంథాలయాలు తమ వద్ద ఉన్న పాత ప్రకృతిశాస్త్ర గ్రంథాలను స్కాన్ చేసి ఒకచోట చేర్చాయి. ఆరు కోట్లకు పైగా పేజీలున్న ఈ భాండాగారంలో చదవడానికి రుసుము లేదు, పేరు నమోదు చేసుకోవలసిన పని కూడా లేదు. పుస్తకం మొత్తాన్ని పీడీఎఫ్‌గా దించుకోవచ్చు, కావలసిన పేజీలను మాత్రమే ఎంచుకొని చిన్న పీడీఎఫ్ తయారు చేసుకోవచ్చు, యంత్రం చదివి రాసిన పాఠాన్ని విడిగా తీసుకోవచ్చు. రెండు వందల సంవత్సరాల నాటి ప్రతిని చూడాలంటే పెద్ద నగరాల గ్రంథాలయాలకు అనుమతి పత్రాలతో వెళ్లవలసివచ్చిన కాలాన్ని తలచుకుంటే, అనంతపురంలోనో ఆదిలాబాదులోనో ఉన్న వృక్షశాస్త్ర విద్యార్థికి ఇది ఎంత పెద్ద సదుపాయమో ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

పుస్తకాలు తెరిచే ముందు కేరీని గురించి కొంత తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే ఈ సేవ గ్రంథాలను ఇస్తుందే తప్ప మనిషి కథను చెప్పదు. ఆయన 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో, పాలర్స్‌పరీ అనే ఊళ్లో ఒక నేతగాని ఇంట పుట్టారు. పినతండ్రి పీటర్ తోటమాలి. మొక్కల మీద ఇష్టం ఆయన దగ్గరే అబ్బింది. ఎండ తగిలితే చర్మం బాధించే జబ్బు వల్ల పొలం పని మాని చెప్పులు కుట్టే పనిలో చేరవలసివచ్చినా, మొక్కలనూ పురుగులనూ సేకరించడం మానలేదు. పని చేసుకుంటూనే లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకొని, బాప్టిస్టు బోధకుడై, 1793లో డెన్మార్కు ఓడ ఒకటి ఎక్కి ఆ నవంబరులో కలకత్తా చేరారు. ఈస్టిండియా కంపెనీ అప్పట్లో మిషనరీలను తన ప్రాంతాల్లోకి రానిచ్చేది కాదు. అందువల్ల మాల్దా దగ్గర మదనబాటిలో నీలిమందు కర్మాగారానికి నిర్వాహకుడిగా కొన్నేళ్లు గడిపి, 1800 జనవరిలో డేనుల అధీనంలో ఉన్న సేరంపూర్‌కు మారారు. మదనబాటిలో కొడుకు చనిపోయాడు, భార్య డొరొతీ మనసు చెదిరింది. అటువంటి రోజుల్లో కూడా ఆయన ఇంగ్లండుకు రాసిన ఉత్తరాల్లో కొడవళ్లు, నాగలి సామాను, పూలమొక్కల విత్తనాలు పంపమని అడిగారు. సేరంపూర్‌లో దాదాపు అయిదు ఎకరాల తోటను స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ వర్గీకరణ క్రమంలో నాటించారు.

ఈ నేపథ్యంతో లైబ్రరీలో మొదట తెరవవలసిన పుస్తకం 1814లో సేరంపూర్ మిషన్ ముద్రణాలయంలో అచ్చయిన 'హోర్టస్ బెంగాలెన్సిస్'. ఇది కలకత్తాలోని కంపెనీ ఉద్యానవనంలో పెరుగుతున్న మొక్కల జాబితా. దాన్ని తయారు చేసిన ఆ ఉద్యానవన అధిపతి విలియం రాక్స్‌బర్గ్ అనారోగ్యం వల్ల 1813లో భారతదేశం విడిచి వెళ్లగా, కేరీ పరిష్కరించి, ముందుమాట చేర్చి అచ్చు వేయించారు. ఆ ముద్రణాలయం 1812 మార్చి 11 నాటి అగ్నిప్రమాదంలో అచ్చుదిమ్మలనూ, కాగితాన్నీ, విలువైన చేతిరాత ప్రతులనూ పోగొట్టుకుంది. రెండేళ్లు గడిచేసరికి అక్కడి నుండి తెలుగు వ్యాకరణమూ ఈ మొక్కల జాబితా కూడా ఒకే సంవత్సరంలో వెలువడ్డాయి. కేరీ పట్టుదలకు ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం నాకు మరెక్కడా కనిపించలేదు.

జాబితా అనగానే చదవడానికి ఏముంటుందని అనిపించవచ్చు. కాని ఒక్కొక్క వరుసలో మొక్క శాస్త్రీయ నామం, దేశీయ నామం, పుట్టిన చోటు, తోటకు ఎవరు ఏ సంవత్సరంలో తెచ్చారు, ఎప్పుడు పూస్తుంది, ఎప్పుడు విత్తనం కడుతుంది అనే వివరాలు ఉంటాయి. మొక్కలను పంపినవారి పేర్లున్న గడిని మాత్రమే పైనుండి కిందికి చదువుకుంటూ పోతే, ఆనాటి సైనికాధికారులు, వైద్యులు, మిషనరీలు, ద్వీపాల్లో ఉన్న వ్యాపారులు ఎలా ఒకరికొకరు విత్తనాలు పంపుకున్నారో తెలిసిపోతుంది. స్కాన్‌ను పెద్దది చేసి చూసినప్పుడు సన్నని అక్షరాలు కూడా చెదరకుండా ఉండటం ఇక్కడ ఎంతో ఉపయోగపడింది. గళ్లుగా అచ్చయిన పేజీల్లో యంత్రం చదివిన పాఠం మాత్రం వరుసలను కలిపేస్తుంది. కాబట్టి ఈ పుస్తకానికి పాఠాన్ని నమ్మక పేజీ బొమ్మనే చదవాలి.

రెండో గ్రంథం 'ఫ్లోరా ఇండికా'. దీని దగ్గర పాఠకుడు కొంత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఒకే పేరుతో రెండు వేరువేరు సంచికలు ఉన్నాయి. రాక్స్‌బర్గ్ 1815లో మరణించిన తరువాత, ఆయన చేతిరాత ప్రతిని కేరీ సంపాదకత్వంలో, నథానియల్ వాలిక్ చేర్పులతో 1820లో మొదటి సంపుటం, 1824లో రెండో సంపుటం అచ్చు వేశారు. ఆ పని అక్కడితో ఆగిపోయింది. తరువాత రాక్స్‌బర్గ్ కుమారుల పూనికతో, వాలిక్ చేర్పులు లేకుండా, మూల రచన మొత్తం 1832లో మూడు సంపుటాలుగా మళ్లీ సేరంపూర్‌లోనే వెలువడింది. వాలిక్ కథ కూడా కేరీ కథతో ముడిపడినదే. ఆయన సేరంపూర్‌లో డేనుల వైద్యుడు. 1808లో ఆంగ్లేయులు ఆ ఊరిని పట్టుకున్నప్పుడు బందీ అయి, రాక్స్‌బర్గ్‌కు సహాయపడేందుకు విడుదలై, చివరకు కలకత్తా ఉద్యానవనానికే అధిపతి అయ్యారు. ఏ మాట రాక్స్‌బర్గ్‌ది, ఏ మాట వాలిక్‌ది అని తేల్చుకోవాలనుకునేవారు రెండు సంచికలనూ పక్కపక్కన తెరిచి పోల్చుకోవాలి. ఇంట్లో కూర్చొని ఆ పని చేయగలగడమే ఈ సేవ ఇచ్చిన అసలైన వరమని నేను భావిస్తాను.

కేరీ తన సంచిక ముఖపత్రం మీద 'ప్రభువా, నీ క్రియలన్నీ నిన్ను స్తుతించుచున్నవి' అనే అర్థం వచ్చే దావీదు కీర్తన వాక్యాన్ని వేయించారు. కేసరాల సంఖ్యను లెక్కపెట్టి మొక్కలను తరగతులుగా విడదీసే గ్రంథానికి కీర్తన వాక్యం ముఖవచనం కావడం నేటి పాఠకునికి కొత్తగా తోచవచ్చు. ఆయన మనసులో మాత్రం అది ఒకే పని. పురుగునూ పువ్వునూ చూడటం, వాటికి సరైన పేరు పెట్టి నమోదు చేయడం ఆయనకు భక్తిలో భాగమే తప్ప భక్తి నుండి తీసుకున్న విరామం కాదు. ఈ ఒక్క పేజీ చూసిన తరువాత, మిషనరీకి వృక్షశాస్త్రం తీరిక వేళల వేడుక అని రాసే జీవితచరిత్రకారులతో నేను ఏకీభవించలేకపోతున్నాను.

తెలుగు పాఠకులకు 'ఫ్లోరా ఇండికా'లో మరొక ఆకర్షణ ఉంది. కలకత్తాకు వెళ్లక ముందు రాక్స్‌బర్గ్ 1780ల నుండి సామర్లకోటలో పనిచేసి, అక్కడ తోట వేసి, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించారు. అందువల్ల ఆయన రచనలో చాలా మొక్కల కింద 'తెలింగులు పిలిచే పేరు' అని మన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. మోదుగ, సోమిద, బిల్లు వంటి పేర్లు ఉత్తర సర్కారుల అడవుల నుండి సేరంపూర్ అచ్చుయంత్రం దాకా ప్రయాణించాయన్నమాట. సోమిద చెట్టు శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఆ తెలుగు పేరు నుండే వచ్చింది. అయితే ఈ పేర్లను వెతుకుడు పెట్టెలో తెలుగు లిపిలో కొడితే ఫలితం రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా, ఆనాటి అక్షరక్రమం నేటి దానితో కలవదు కాబట్టి నాలుగైదు విధాలుగా ప్రయత్నించాలి.

శాస్త్రీయ నామంతో వెతికితే మాత్రం ఈ సేవ నిజంగా గొప్పగా పనిచేస్తుంది. పేజీల్లో కనిపించే శాస్త్రీయ నామాలను యంత్రం గుర్తించి పట్టిక కడుతుంది. ఒక పేరు మీద నొక్కితే ఆ పేరు ఏయే పుస్తకాల్లో ఏయే పేజీల్లో వచ్చిందో వరుసగా చూపిస్తుంది. నేను కేరియా అర్బోరియా అనే పేరుతో మొదలుపెట్టాను. కుంభి అని మనం పిలిచే ఈ చెట్టుకు రాక్స్‌బర్గ్ తన స్నేహితుడి గౌరవార్థం ఆ పేరు పెట్టారు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన వెలువరించిన పెద్ద గ్రంథం మూడో సంపుటంలో దాని రంగుల చిత్రం ఉంది. తెల్లని రేకుల నడుమ గుత్తిగా లేచిన కేసరాలు, గుండ్రని కాయ, మందమైన ఆకులు ఎంత నిండుగా కనిపిస్తాయంటే, తూర్పు కనుమల్లో ఆ చెట్టును చూసినవారు వెంటనే గుర్తుపడతారు. బొమ్మను దించుకొని పెద్దది చేసుకున్నా రంగులు చెడవు. పాత పేర్లకు, నేటి పేర్లకు తేడా ఉన్నచోట మాత్రం కొంత ముందస్తు తెలివిడి అవసరం. మోదుగ ఆ పుస్తకాల్లో బ్యూటియా ఫ్రాండోసా. నేటి శాస్త్ర గ్రంథాల్లో బ్యూటియా మోనోస్పెర్మా. ఏదో ఒక్క పేరుతో వెతికినవారికి సగం సాహిత్యం కనిపించకుండా పోతుంది.

ఇక ఈ భాండాగారంలో దొరకనివి చెప్పాలి. కేరీ ఉత్తరాలు, దినచర్య పుస్తకాలు ఇందులో చూడదగినవి కావు. వాటికి ఆక్స్‌ఫర్డ్‌లోని రీజెంట్స్ పార్క్ కాలేజీ గ్రంథాలయం వంటి చోట్ల ఉన్న మిషన్ పత్రాలనో, వాటి ఆధారంగా వచ్చిన జీవితచరిత్రలనో ఆశ్రయించాలి. ఈ లోటు చిన్నది కాదు. ఇంగ్లండు నుండి వచ్చిన విత్తనాల సంచిని ఖాళీ చేశాక, దానికి అంటుకొని ఉన్న మట్టిని తోటలో ఒక మూల దులిపితే, కొన్నాళ్లకు అక్కడ ఇంగ్లీషు డైసీ మొలకెత్తిందనీ, ముప్పయ్యేళ్లుగా చూడని ఆ పువ్వును చూసి పొందినంత ఆనందం యూరపు విడిచాక మరెప్పుడూ పొందలేదనీ ఆయన రాసిన సంగతి ఉత్తరాల ద్వారానే మనకు తెలుసు. 1823లో జారిపడి తుంటికి దెబ్బ తగిలి మంచం పట్టిన రోజుల్లోనే నది పొంగి ఇంటినీ తోటనూ ముంచెత్తిన వైనం, తాను పోయాక సహచరుడు మార్ష్‌మన్ ఆవులను తోటలోకి తోలనిస్తారేమోనని చివరి రోజుల్లో పడిన దిగులు, ఇవేవీ మొక్కల జాబితాల్లో ఉండవు. ఆయన 1834 జూన్ 9న సేరంపూర్‌లోనే కన్నుమూశారు.

మరొక లోటు సేవది కాదు, ఆ పుస్తకాలదే. మొక్కను తెచ్చిన దొరల పేర్లు వరుసల నిండా ఉన్నాయి. దాన్ని అడవిలో చూపించినవారు, కుండీలో బతికించిన మాలీలు, సామర్లకోటలో దాని బొమ్మ గీసిన చిత్రకారులు దాదాపు ఎక్కడా పేరుతో కనిపించరు. కేరీ తన తోటమాలులతో ఎంత దగ్గరగా మెలిగినా, అచ్చు పుటల్లో ఈ లెక్క మారలేదు. ఈ గ్రంథాలను చదివే తెలుగువారు ఆ ఖాళీని గమనిస్తూ చదవాలని కోరుకుంటాను.

లైబ్రరీ వాడకం మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది, పుస్తకాల్లో లాటిన్ వర్ణనలు తరచుగా వస్తాయి. అయినా మొక్కల పేర్లతో కాస్త పరిచయం ఉన్న డిగ్రీ విద్యార్థికి, ఉపాధ్యాయునికి, మిషనరీల చరిత్ర చదివేవారికి ఇది నిస్సంకోచంగా సిఫారసు చేయదగిన సేవ. మొదటిసారి వెళ్లేవారు 1832 నాటి మూడు సంపుటాలతో మొదలుపెట్టకపోవడం మంచిది; ఆ పరిమాణం చూసి వెనుదిరిగే ప్రమాదం ఉంది. కేరియా చిత్రంతో ప్రారంభించి, 'హోర్టస్ బెంగాలెన్సిస్' ముందుమాట చదివి, ఆ తరువాత 1820 సంపుటంలో అల్లం, పసుపు ఉన్న మొదటి తరగతికి వెళితే, మనకు వంటింట్లో తెలిసిన మొక్కల మీదుగానే కేరీ, రాక్స్‌బర్గ్‌ల చూపు పట్టుబడుతుంది. చదవదలచిన సంపుటాలను ముందే పీడీఎఫ్‌లుగా దించి పెట్టుకుంటే నెట్ సరిగ్గా లేని ఊళ్లలో కూడా ఇబ్బంది ఉండదు.