ఆడిస్ అబాబాలో ఆగాల్సి వస్తే హోటల్ గదిలో కూర్చోకండి

జొహానెస్‌బర్గ్‌లో ఉంటున్న మా మరిది దగ్గరికి ముంబై మీదుగా వెళ్తూ, ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాలో ఒక పగలూ రాత్రీ ఆగాం. టికెట్ చవగ్గా వచ్చింది అందుకే. హోటలూ, భోజనమూ ఉచితమని మా ఆయన సంబరపడ్డారు. ఆ ఉచితం సంగతే ముందు చెప్పాలి.

విమానాశ్రయంలో హోటల్ కూపన్ కోసం దాదాపు రెండు గంటలు నిలబెట్టారు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారికి కుర్చీ ఇమ్మంటే కౌంటర్లో అతను తలెత్తి చూడనైనా లేదు. తీరా హోటల్‌కి వెళ్తే లిఫ్ట్ లేదు, గదేమో మూడో అంతస్తులో. ఈ ఊరు సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉంది, వయసులో ఉన్నవాళ్లకే మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఆవిడ మలుపు మలుపుకీ ఆగి గోడ పట్టుకున్నారు. కుళాయిలో వేడినీళ్లు రాలేదు. భోజనాల దగ్గర శాకాహారం ఏదంటే అన్నం చూపించి, పక్కనున్న మాంసం కూరలోంచి తీసిన గరిటెతోనే వడ్డించబోయారు. అత్తగారు ప్లేటు అక్కడే పెట్టేసి గదికెళ్లి చేగోడీల డబ్బా తీశారు. ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మమ్మల్ని కాపాడింది రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి. ఇవాళ శుక్రవారం కదా, బయట ఎక్కడికెళ్లినా ఉపవాస భోజనం దొరుకుతుంది అంది. అక్కడి ఆర్థొడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి ఏవీ ముట్టరట. గేటు దగ్గర టాక్సీ అతను 20 డాలర్లు అడిగితే, ఆ అమ్మాయి తన ఫోన్లో యాప్‌తో 310 బిర్‌లకి (బిర్ అంటే అక్కడి కరెన్సీ) బండి పిలిచింది. మాకు డాలర్‌కి 130 బిర్‌లు వచ్చాయి, తేడా మీరే లెక్క వేసుకోండి.

'బెయాయినెటు' అని అడగండి. పెద్ద పళ్లెం నిండా ఇంజెరా పరిచి, దాని మీదే కూరలన్నీ కుప్పలుగా వడ్డిస్తారు. టెఫ్ అనే సన్నటి గింజల పిండి పులియబెట్టి పోసిన ఆ ఇంజెరా అచ్చం మన పుల్లట్టే, ఒకవైపు నిండా చిల్లులు. ఎర్రకందిపప్పు కారంగా, బఠాణీపప్పు పసుపు వేసి కమ్మగా, శనగపిండితో చేసే చిక్కటి షిరో, క్యాబేజీ, ఆకుకూర. చెంచా ఉండదు, చేత్తోనే తినాలి. అత్తగారు మొదట షిరో కొంచెం అంచున అద్దుకుని చూశారు. తర్వాత మళ్లీ వడ్డించమన్నారు! ముగ్గురికీ 900 బిర్‌లు.

కాఫీ అక్కడే తాగాం. నేల మీద పచ్చగడ్డి పరిచి, పక్కన సాంబ్రాణి వెలిగించి, ఒకావిడ పచ్చి గింజలు కడిగి మా కళ్లముందే వేయించింది. పొగలు కక్కుతున్న పెనాన్ని మా ముగ్గురి దగ్గరికీ తెచ్చి వాసన చూపించింది. తర్వాత పొడి కొట్టి, పొడుగు మెడ ఉన్న నల్ల మట్టికూజాలో కాచి, పిడిలేని చిన్న కప్పుల్లోకి ఎత్తు నుంచి సన్నటి ధారగా పోసింది. పంటి కిందకి పాప్‌కార్న్. మూడు విడతలు పోస్తారు, మొదటిది బాగా చిక్కగా ఉంటుంది. ఫిల్టర్ కాఫీ తప్ప తాగని మా ఆయన మూడూ తాగారు.

సాయంత్రం నేషనల్ మ్యూజియంలో 1974లో దొరికిన 'లూసీ' అనే ఆదిమానవ జాతి ఆడమనిషి అస్థిపంజరం నమూనా చూశాం. అసలు అస్థిపంజరం సుమారు 32 లక్షల ఏళ్ల నాటిది. అంతకుమించి తిరిగే ఓపిక అత్తగారికి లేదు.

టైమ్ విషయంలో జాగ్రత్త. అక్కడివాళ్లు గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు, మన ఉదయం ఏడు వాళ్లకి ఒకటి. తెల్లవారుజామున అయిదింటికి బండి కావాలంటే డ్రైవర్ "సరే, 11కి" అనేసరికి మా ఆయనకి టెన్షన్ మొదలైంది. కాగితం మీద విమానం టైమ్ రాసి చూపించాక గానీ స్థిమితపడలేదు. అతను మాత్రం సరిగ్గా అయిదుకే వచ్చాడు.

రాత్రి చలి బాగా ఉంటుంది, స్వెట్టర్ చేతిసంచిలోనే పెట్టుకోండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోండి. హైదరాబాద్ వాళ్లకి నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ సర్టిఫికెట్ లేకుండా ఇథియోపియా నుంచి వస్తే మన దేశంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.